చల్లబడిన రేకుల గది

ఎనభై రెండు నాటి మాట. షార్జాలోని చేపల కోల్డ్ స్టోరేజీకి ఏటా ఎండలు ముదరకముందే మరమ్మతు చేసేవాడు పోశెట్టి. మంకీ టోపీ, మందపు కోటు వేసుకుని నిచ్చెనెక్కి, సీలింగ్ చెక్కలు విప్పి, వేడిని ఆపే గాజుదూది తడిసిన చోట పీకేసి కొత్తది కూరుతాడు. ఎక్కడ సందుందో కంటితో వెతకడు. చెక్కకు చెంప ఆనిస్తే చాలు, బయటి ఎండ సన్నగా గుసగుసలాడుతుంది. తాను పడుకునేది మాత్రం పెనంలా కాలే రేకుల గదిలో.

ఈసారి స్టోరేజీ నడిపే ముదీర్‌ని అడిగి, మిగిలిన దూది తెచ్చుకుని, నాలుగు శుక్రవారాలు తన గది రేకుల కింద కూరాడు. గదిలోకి నీడ వచ్చి కూర్చుంది. వారం రోజులు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. ఆ తర్వాత ముదీర్ చూడటానికి వచ్చాడు. మెడ తుడుచుకుని, కాసేపు కళ్లు మూసుకున్నాడు. "బహుత్ అచ్ఛా, పోశెట్టీ! రేపట్నుంచి ఇది నా ఆఫీస్. నువ్వు పక్క కమ్రాకు పో. ఖలాస్!"

పెట్టె మోసుకొచ్చిన పోశెట్టిని చూసి పక్క గది భోజన్న పకపకా నవ్వాడు. "రా పోశెట్టన్నా! దీన్నిగూడ సల్లగ జెయ్యి. ముదీర్‌కు బామ్మర్దులు గూడ ఉన్నరట!"

పోశెట్టి చాప పరిచి వెల్లకిలా పడుకుని, మండే రేకుల్ని చాలాసేపు చూశాడు.

"జేస్త తమ్మీ," అన్నాడు. "గని ఈసారి జర పల్సగ గూరుత. మనకు సాలాలె, ఆయనకు సాలొద్దు."