శాలోమికి పడని రొట్టె

శాలోమి చోడవరం బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టేది. ముప్పై ఏళ్ళ మనిషి, ముప్పై నాలుగు కిలోలు. మిషను తొక్కుతూ తొక్కుతూ కళ్ళు తిరిగి గుడ్డ మీదే తల వాల్చేసేది. పెళ్ళయిన ఏడేళ్ళలో రెండుసార్లు నెల తప్పింది. రెండుసార్లూ కడుపు పోయింది. రెండోసారి అయిదో నెల.

భర్త మోజెస్ కరెంటు పనులు చేస్తాడు, మాట తక్కువ. ఆమెను చూసుకున్నదంతా అత్త కరుణమ్మే. కొడుక్కి ఇంకో సంబంధం చూడమన్న వాళ్ళను గుమ్మంలోంచే పంపించేసిన మనిషి. కోడలికి విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా, అన్నం అరగదని, పాలల్లో బ్రెడ్డు నానబెట్టి చెంచాతో తినిపించేది. నీరసానికి గోధుమరవ్వ జావ కాచేది.

"రొండు ముక్కలు తినవే తల్లీ. ఒంట్లో సత్తువ లేకపోతే కడుపెలా నిలుస్తాది?"

డాక్టర్లూ అదే చెప్పారు. రక్తం తక్కువన్నారు, ఐరన్ మాత్రలిచ్చారు, బ్రెడ్డు పెట్టమన్నారు.

రెండో బిడ్డ పోయాక విశాఖలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ రక్తపరీక్ష చేసి, నోట్లోంచి గొట్టం వేసి పేగు చూసి, సంగతి కనిపెట్టారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఆమెకు పడదు. తిన్నప్పుడల్లా పేగు దెబ్బతింటోంది. బతికినన్నాళ్ళూ గోధుమ, మైదా, బార్లీ ముట్టకూడదు. అంతా ఇంగ్లీషులో రాసిచ్చి, ఊళ్ళో ఒక డాక్టరు దగ్గర చూపించుకుంటూ ఉండమన్నారు.

ఆ కాగితం చూసి, వాళ్ళెప్పుడూ వెళ్ళే డాక్టరు నవ్వాడు.

"ఇది చపాతీలు తినేవాళ్ళ జబ్బమ్మా. మనం తినేది వరన్నం. ఊరికే భయపెట్టేరు. బలానికి అన్నీ తిను."

శాలోమి నమ్మింది. జబ్బు లేదన్న మాట ఎవరికి చేదు? మూడు నెలలకి మళ్ళీ మంచం పట్టింది. ఇంకో డాక్టరు కాగితం మడత విప్పకుండానే గ్యాసు మాత్రలు రాశాడు.

చివరికి, జాకెట్లు కుట్టించుకునే ఒకామె చెబితే, డాక్టర్ సంధ్యారాణి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ జబ్బుతో నా దగ్గరికొచ్చింది నువ్వే మొదలు. నేను కూడా చదువుకోవాలి. రేపు రా."

మర్నాడు, పొద్దున్నుంచి రాత్రిదాకా శాలోమి ఏమేం తింటుందో ఒక్కొక్కటే అడిగింది.

"పప్పులో ఇంగువ వేస్తారా?"

"ఏస్తామండి."

"అందులో ఎక్కువగా మైదా కలుపుతారు. మానెయ్యండి. చర్చిలో ప్రభు భోజనానికిచ్చే రొట్టె?"

శాలోమి తల దించుకుంది. "నెలకోసారండి. సిన్న ముక్క."

"అదీ వద్దు. పాస్టరుగారితో నేను మాట్లాడతాను."

అప్పటిదాకా గోడకానుకుని నిలబడిన కరుణమ్మ ముందుకొచ్చింది.

"డాక్టరమ్మా, ఆ బ్రెడ్డు నా సేత్తో నానే పెట్టేను. ఏడేళ్ళు పెట్టేను. పిల్లలిద్దరూ దానివల్లే పోయేరా?"

కాదని చెబుతుందనుకుంది శాలోమి. సంధ్యారాణి కలం పక్కన పెట్టింది.

"అయ్యుండొచ్చమ్మా. కచ్చితంగా చెప్పలేను. పెట్టమన్నది మా డాక్టర్లే కదా."

ఆ వైద్యం పనిచేసింది. సంధ్యారాణి నెలనెలా పిలిచి బరువు చూసేది, తినగూడనివి తెలుగులో రాసిచ్చేది. ఏడాదికి శాలోమి నలభై మూడు కిలోలకి వచ్చింది. ఎముకలు మాత్రం అప్పటికే గుల్లబారాయి. కాళ్ళతో తొక్కలేక మిషనుకి మోటారు పెట్టించుకుంది. ఇక పిల్లల కోసం చూడొచ్చని డాక్టరు చెబితే, "సూద్దామండి" అని వచ్చేసింది. ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కరుణమ్మ వంటగదిలోకి రావడం మానేసింది. ఒక మధ్యాహ్నం శాలోమి కావాలనే అడిగింది.

"అత్తా, ఆకలేస్తంది. నువ్వే కలిపి పెట్టు."

కరుణమ్మ లేవలేదు. వీధి అరుగు మీదున్న కొడుకుని కేకేసింది.

"ఒరే మోజెసూ, నీ పెళ్ళానికి అన్నం పెట్టరా."