దరువక్క వేడి టీ

నీళ్ల ధారతో ఉక్కు పలకలు కోసే యంత్రాన్ని నడిపే ఆమెను షెడ్డులో అందరూ దరువక్క అంటారు. ఎప్పుడో సుత్తి విరిగిపోగా మిగిలిన చెక్క పిడి ఆమె చేతిలో ఉండాల్సిందే. యంత్రానికి ధార చిమ్మే తలలు రెండు. పలకకు ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పడానికి తలకో సెన్సర్. ధారలో కలిసే ఇసుక తగిలి తగిలి అవి అరిగిపోయాయి. పలక తగలకపోయినా తగిలిందంటూ యంత్రాన్ని ఆపేసేవి. దరువక్క టీ గ్లాసు పక్కన పెట్టి లేచి, పిడితో వాటిని టకటకా కొడితే గానీ యంత్రం కదిలేది కాదు. ఈలోగా టీ చల్లారిపోయేది.

"మొండిఘటాలు, దెబ్బ పడితే గానీ మాట వినవు" అని తిట్టుకునేది.

చివరికి కొత్త సెన్సర్లు వచ్చాయి. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా పాతవి తనే విప్పింది, పేరుకున్న బురద కడిగింది, కొత్తవి బిగించి ఎత్తు సరిచూసింది. యంత్రం మొదలైంది. కోతలో పాతవి ఎప్పుడూ మొరాయించే మూల రాగానే, అలవాటు చొప్పున చెయ్యి లేచింది. టక్. ఆ దెబ్బను పలక తగలడమే అనుకుని కొత్త సెన్సర్ యంత్రాన్ని ఆపేసింది.

"బుద్ధిగా పనిచేసేదాన్ని కొడతావేంటి వదినా?" అన్నాడు అక్కడే వెల్డింగ్ చేసే మరిది.

షెడ్డంతా నవ్వింది. ఆమెకు ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది. పిడి అతని చేతిలో పెట్టింది.

"దాచు. నేను కాళ్లావేళ్లా పడినా ఇవ్వకు."

యంత్రం మళ్లీ కదిలింది. ఆమె కాలు మీద కాలేసుకుని, అప్పుడే పోసిన టీ అందుకుంది. యంత్రం ఆ మూల దాటింది, తర్వాతి మూలా దాటింది, ఎక్కడా ఆగలేదు. దరువక్క ఒక గుక్క తాగింది.

"నాలుక కాలింది" అంది, ఆ మాట కోసం ఏళ్ల తరబడి కాచుకున్నదానిలా.