చనిపోయిన ఆయన సంతకం

నా ఉద్యోగం దొంగల్ని పట్టుకోవడమని మా బంధువులందరికీ గట్టి నమ్మకం. పెళ్ళిళ్ళలో కనిపిస్తే చాలు, 'ఈ మధ్య ఎవర్ని పట్టుకున్నావమ్మా' అని అడుగుతారు. నిజానికి నేను చేసేది కాగితాలు చదవడం. ప్రభుత్వ పథకాల్లో మోసం జరిగిందనో, అధికారం దుర్వినియోగమైందనో ఫిర్యాదు వస్తే దాన్ని విచారించే విభాగంలో నేను పెద్ద అధికారిని. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. ఆరితేరినవాడి కాగితాలు అద్దంలా ఉంటాయి. తప్పులు దొరికేదెప్పుడూ చేతకానివాళ్ళ కాగితాల్లోనే. వాళ్ళని పట్టుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ముందు వాళ్ళ మీద, తర్వాత నా మీద.

తిరువూరు ఫిర్యాదు కూడా అలాంటిదే. తిరువూరు నాకు కొత్త కాదు. మా పొలం వినగడపలో ఉంది, చిన్నప్పుడు విజయవాడ బస్సు ఎక్కాలంటే ఇక్కడికే వచ్చేవాళ్ళం. ఆ ఏడాది వానలకి చుట్టుపక్కల పత్తి అంతా చేలోనే కుళ్ళిపోయింది. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. కౌలుకి చేసిన రైతుకి ఆ పరిహారం రావాలంటే కౌలు కార్డు ఉండాలి. కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఆ దగ్గర్లోని ఒక ఊళ్ళో పదకొండు మంది కౌలు రైతులకి కార్డులొచ్చాయి. పదకొండు కాగితాల మీదా యజమానుల సంతకాలున్నాయి. అన్నీ ఒకే చేతిరాత. చేసింది ఆ ఊళ్ళో పనిచేసే వ్యవసాయ సహాయకురాలని, ఆమెని ఉద్యోగంలోంచి తీసెయ్యాలని ఒక యజమాని ఫిర్యాదు పెట్టాడు. మామూలుగా ఇలాంటివాటికి ఇన్‌స్పెక్టర్‌ని పంపితే సరిపోతుంది. కానీ ఆ యజమానికి పైన ఎవరో తెలుసు. అందుకని నన్నే వెళ్ళమన్నారు.

ఆర్ అండ్ బి బంగ్లాలో కూర్చున్నాను. ఫ్యాన్ తిరిగితే కాగితాలు ఎగురుతున్నాయి, ఆపితే చెమటలు పడుతున్నాయి. ముందు ఫిర్యాదుదారుణ్ణి పిలిచాను. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"ఇంతకంటే ఘోరం ఉంటుందా మేడంగారూ? మా నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన సంతకం పెట్టిందండీ ఆ పిల్ల! చనిపోయిన మనిషి సంతకం!"

"భూమి మీ పేరున లేదా?"

"నాన్నగారి పేరునే ఉందండి. మార్పించాలి. అన్నదమ్ములం ఇంకా పంచుకోలేదు కదా, ఇదిగో అదిగో అంటూ అలా ఉండిపోయింది."

"మరి ఇన్నేళ్ళూ పథకాల డబ్బులు ఎవరి పేరున పడ్డాయి?"

"నాన్నగారి పేరునేనండి."

"తీసుకున్నదెవరు?"

ఆయన ఒక ఫోన్ కింద పెట్టి రెండోది చేతిలోకి తీసుకున్నాడు. "ఇంట్లోవాళ్ళమేగా మేడంగారూ. బయటివాళ్ళు కాదుగా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే చిర్రెత్తుకొచ్చింది. చనిపోయిన తండ్రి చేత తొమ్మిదేళ్ళపాటు డబ్బు తీయించిన మనిషి, ఆ తండ్రి చేత ఇంకెవరో ఒక్క సంతకం పెట్టించారని నా దగ్గర న్యాయం అడుగుతున్నాడు. పత్తి వేసింది ఆయన కాదు. గట్టు మీద కాలు పెట్టింది కూడా ఈ మధ్య కాదు. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి మండలాఫీసుకి వెళ్ళి పేరు మార్పించుకోవడానికి తీరిక లేకపోయిందా మీకు? చదువుకున్నవాళ్ళేగా?" అని గట్టిగానే కేకలేశాను. బయట వరండాలో ఉన్నవాళ్ళు మాటలాపేశారు. ఆ అరుపు నాకు చాలా సంతృప్తినిచ్చింది. ఎంత సంతృప్తినిచ్చిందో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. విస్సన్నపేట వైపు పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. తండ్రి జీవితమంతా కౌలుకి చేసి నడుం పడిపోయి ఇంట్లో ఉన్నాడట. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చే మొదటి మనిషి ఈమే. నేను అడక్కముందే, "ఉద్యోగం పోతుందా మేడం?" అంది.

"ముందు చెప్పు. సంతకాలు నువ్వే పెట్టావా?"

"పెట్టాను మేడం."

ఇలా వెంటనే ఒప్పుకునేవాళ్ళంటే నాకు మహా చిరాకు. కాస్త అబద్ధమాడితే మనకి ఆలోచించుకోవడానికి టైమన్నా దొరుకుతుంది.

"ఒక్కొక్కరి దగ్గర ఎంత తీసుకున్నావు?"

"ఏమీ తీసుకోలేదు మేడం. ఒకాయన సంచెడు వంకాయలు ఇచ్చాడు. వద్దంటే నా బండికి తగిలించి వెళ్ళిపోయాడు. అవి వండుకున్నాం."

మా ఇన్‌స్పెక్టర్ వంకాయల సంగతి కూడా రాసుకుంటున్నాడు. లంచం కింద చూపించవచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. నేను చూసిన చూపుకి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. పాపం, అతను ముందురోజే పదకొండు మంది కౌలు రైతుల్నీ విడివిడిగా అడిగి వచ్చాడు. ఎవరూ పైసా ఇవ్వలేదు. అందరి పత్తీ నిజమే, అందరి నష్టమూ నిజమే.

"చనిపోయినాయన సంతకం ఎందుకు పెట్టావు మరి?"

"పోయారని తెలీదు మేడం. రికార్డులో ఆయన పేరే ఉంది. ఊళ్ళో ఎవర్నడిగినా 'అది పెద్దాయన చేను' అంటారు. 'పెద్దాయన ఒప్పుకోడు', 'పెద్దాయన కౌలు తగ్గించడు' అంటారు. ఉన్నారనే అనుకున్నాను."

నేను నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా వైపు అంతే. మనిషి పోయినా చేను ఆయనదే. కొడుకు కౌలు వసూలు చేసినా 'పెద్దాయనకి ఇచ్చొచ్చాం' అంటారు. వేరే మండలం నుంచి వచ్చిన పిల్లకి ఆ పెద్దాయన ఫోటోకి దండ వేసి ఉందని ఎవరు చెబుతారు?

"మిగతా పదిమంది బతికే ఉన్నారుగా. వాళ్ళనడగలేదా?"

"అందరిళ్ళకీ తిరిగాను మేడం, మూడేసి సార్లు. సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ళ భయం. చూద్దాంలే అంటారు, రేపు రా అంటారు. పరిహారానికి పేర్లు ఎక్కించడానికి ఆఖరి రోజు వచ్చేసింది. కౌలు రైతులేమో మా రైతుల కేంద్రం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేనే పెట్టేశాను."

"తప్పని తెలీదా?"

"తెలుసు మేడం." నా వైపు చూసింది. "మీకు పొలం ఉందా మేడం?"

"ఉంది."

"కౌలుకిచ్చారా?"

"ఇచ్చాం."

"మీ కౌలు రైతు కార్డుకి మీరు సంతకం పెట్టారా మేడం?"

"ఏయ్, మేడంతో మాట్లాడే పద్ధతి అదేనా?" అని ఇన్‌స్పెక్టర్ లేచాడు. కూర్చోమన్నాను. ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మా కౌలు రైతు ఏళ్ళ తరబడి మా పొలమే చేస్తున్నాడు. కార్డు గురించి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ నేనన్న మాట 'చూద్దాంలే బాబాయ్'. భూమి పోతుందని కాదు, మీటింగులో ఉన్నాను. ఆయనకి మాత్రం ఆ రెండింటికీ తేడా ఏముంటుంది?

రిపోర్టు మూడుసార్లు రాశాను. మొదటిది మరీ కఠినంగా వచ్చింది. రెండోదాంట్లో ఆమెని దేవతని చేశాను, చదువుకుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. మూడోదాంట్లో ఉన్నదున్నట్టు రాశాను: సంతకాలు ఫోర్జరీ, సొంత లాభం లేదు, పంట నష్టం వాస్తవం, ఉద్యోగం తీసేయకుండా తక్కువ శిక్షతో సరిపెట్టవచ్చు. ఫిర్యాదుదారు తీసుకున్న డబ్బు గురించి విడిగా ఇంకో రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీలూ మాత్రం మహా ఇష్టంగా రాశాను.

రెండు నెలలకి ఉత్తర్వులొచ్చాయి. అమ్మాయిని ఉద్యోగంలోంచి తొలగించారు. పదకొండు కార్డులూ రద్దు. ఫిర్యాదుదారుకి రికార్డులు సరిచేసుకోమని ఒక నోటీసు. అంతే. మా పైఅధికారికి ఫోన్ చేసి ఇదెక్కడి న్యాయమండీ అని అరిచినంత పనిచేశాను. ఆయన శాంతంగా, "ఫోర్జరీ అని మీరే రాశారుగా అమ్మా. ఆ మాట ఉన్నాక మేమేం చేయగలం?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆ ఒక్క మాట రాయకుండా ఉండాల్సిందా అని ఎన్నిసార్లు ఆలోచించినా, రాయక తప్పదనే తేలింది. ఆ పిల్ల ఉద్యోగం నా చేతుల మీదుగానే పోయింది.

ఆ ఆదివారం దాటనిచ్చి సోమవారం సెలవు పెట్టాను. వినగడప వెళ్ళి మా కౌలు రైతుని కారెక్కించుకున్నాను. "ఇప్పుడెందుకమ్మాయిగారూ, ఎండన పడి" అంటూనే ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఇంట్లో ఎప్పట్నుంచో బీరువాలో పడున్న పాసు పుస్తకం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. రైతుల కేంద్రంలో ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పలేదు. కౌలు కార్డుకి సంతకం పెట్టడానికి వచ్చానన్నాను. యజమాని తనంతట తాను నడిచి రావడం వింతగా ఉందేమో, కుర్చీ తుడిచి వేశాడు. నేను పెన్ను తీశాను.

అతను పాసు పుస్తకం తెరిచి పేరు చూశాడు, కంప్యూటర్లోనూ చూశాడు.

"ఈయన మీకేమవుతారండీ?"

"మా నాన్నగారు."

"ఆయన రావాలండీ సంతకానికి. మీది చెల్లదు."

పక్కన మా కౌలు రైతు తల దించుకున్నాడు. ఆయనకి ఈ సంగతి ముందే తెలుసని, నాతో చెప్పడానికి మొహమాటపడ్డాడని అప్పుడర్థమైంది. బంగ్లాలో నేనేసిన కేకలు మాటలతో సహా గుర్తొచ్చాయి.

"ఆయన లేరు బాబూ" అన్నాను.

"అయ్యో. ఎన్నాళ్ళయిందండీ?"

పెన్నుకి మూత పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

"పన్నెండేళ్ళు" అన్నాను.