అమ్మ వడికిన చిలపలు

"చెప్పొద్దంటావేంటే? రేపు పొద్దున అల్లుడుగారు వస్తే ఆ పంచె చేతిలో పెట్టి నోరు మూసుకోమంటావా?"

"మూసుకోమనే అంటున్నానండి. మగ్గం మనది, చెయ్యి మీది. ఆయన మీరు నేసిన పంచె అడిగారు, మీరు నేశారు. ఇంకేం కావాలి?"

"నూలు సీమది కదే!"

"ఆ సంగతి పడుగు చాపేటప్పుడు గుర్తు రాలేదా?"

రాలేదు. నాకూ రాలేదు, ఆ మాట మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు. మా పేటలో నేసినవాడు మనవాడైతే గుడ్డ మనదే. నూలు ఎక్కడ పుట్టిందని ఎవరూ అడగరు. బజారు నుంచి కట్టలు తెస్తాం. కట్టకో రంగుల కాగితం అంటించి ఉంటుంది. పారెయ్యడం దేనికని వాటిని నేనే తలుపు వెనక అంటించేదాన్ని. ఆ సాయంత్రం తలుపు వేస్తుంటే మా ఆయన కళ్ళు వాటి మీద పడ్డాయి. పొగ ఓడ బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను తెలుగే కూడబలుక్కుని చదువుతాను. అయినా ఆ ఓడ దొరల సీమ నుంచి వస్తుందని నాకూ తెలుసు.

మా అల్లుడు రాజమండ్రిలో బడిపంతులు. బంగాళాన్ని దొరలు రెండు ముక్కలు చేస్తున్నారని కలకత్తాలో జనం పోగై, సీమగుడ్డ ముట్టమని ఒట్టు పెట్టుకున్నారట. వచ్చే వారంతో దానికి ఏడాది నిండుతోందని వీళ్ళూ సభ పెట్టి అదే ఒట్టు వేస్తారట. "మామగారు నేసిన పంచె కట్టుకుని నిలబడతానండి" అన్నాడు. పెళ్ళయ్యాక మమ్మల్ని ఏదైనా అడగడం అదే మొదలు.

"నలుగురిలో ఒట్టు వేస్తాడే. నా మూలాన అది అబద్ధమైపోతుంది," అన్నారు మా ఆయన, గొంతు తగ్గించి.

"అయితే ఏం చేస్తారు? ఇక్కడ చేత్తో వడికేవాళ్ళు ఎవరున్నారిప్పుడు?"

ఆయన అటక మీది నా పెట్టె వైపు చూడనైనా లేదు. అందులో మా అమ్మ చేత్తో వడికి చుట్టిన నూలు చిలపలు ఉన్నాయని ఆయనకి తెలుసు. కాపురానికి వచ్చిన నాడు తెచ్చుకున్నవి. నూలు కొనలేక మగ్గం ఖాళీగా పడున్నప్పుడు కూడా అవి ఇమ్మని అడగలేదు. నేను పోయిన నాడు వాటితో నేసిన ముక్క కప్పించుకోవాలని నా కోరిక. అది ఆయనతో ఎప్పుడూ అనలేదు. అడిగుంటే కసిరేదాన్ని. అడగలేదు కాబట్టే ఆ రాత్రి నేనే పెట్టె దించాను.

మర్నాడు అల్లుడు కొవ్వూరులో రైలు దిగి నడిచి వచ్చేసరికి చిలపలు తొట్టి నీళ్ళలో నానుతున్నాయి. మా ఆయన పంచె నూలు సంగతి చెప్పేశారు. అతను పంచెని కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు.

"పంచెకి చాలదు, కండువా అవుతుందని చెప్పండి," అన్నాను తలుపు చాటునుంచి.

"విన్నారా బాబూ? మీ అత్తగారు పెట్టె తెరిచారు. వాన పడుతుందేమో చూసి వెళ్ళండి," అన్నారు మా ఆయన.

అల్లుడు నవ్వలేదు. తొట్టి దగ్గర కూర్చుని తడిసిన నూలుని వేలితో ముట్టుకుని చూశాడు.

నూలుకి పట్టించడానికి నేను గంజి వార్చాను. మా ఆయన ఆ సీమనూలు పంచె తనే కట్టుకుని, మగ్గం దులపడానికి లోపలికి వెళ్ళారు.