డకోటాలో ఆముదం

ఎనిమిదేళ్ళు విమానాల కిందే బతికిన జకర్యా ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. తాను ఉండే బన్సీలాల్‌పేట్‌లో ఎవరైనా ఎందుకని అడిగితే, "లోపల ఏమేం ఉన్నయో నాకెరుకే గద" అనేవాడు. అంతకంటే మంచి కారణం ఎవరు చెప్పగలరు?

బేగంపేట విమానాశ్రయంలో ఆయనది నూనె పని. డకోటా విమానం చక్రాలు పైకి మడుచుకోవాలన్నా, కిందికి దిగాలన్నా, సన్నగొట్టాల్లో ఒత్తిడితో పారే ఎర్రనూనెదే బలం. నలభై ఎనిమిది ఎండాకాలంలో ఇండియన్ యూనియన్ వాళ్ళు నిజాం రాజ్యానికి సరుకులు ఆపేశారు. ఆగస్టు నాటికి ఎర్రనూనె పీపా అడుగు కనిపించింది. అప్పటి పెద్ద సారు, "ఏం పోస్తవో పొయ్యి, ఔరంగాబాదు విమానం మాత్రం లేవాలె" అన్నాడు. పాత విమానాలకు ఆముదమే పోసేవాళ్ళని జకర్యా ఎక్కడో విన్నాడు. ఆముదంలో స్పిరిటు కలిపి పోసేశాడు. ఆ డబ్బాలను గేటు దాటించి తెచ్చిచ్చింది స్టోరు గుమాస్తా ఖుద్దూస్. విమానం లేచింది, దిగింది. ఇద్దరూ హమ్మయ్య అనుకుని చాయ్ తాగారు.

సెప్టెంబరులో పోలీసు చర్య ఐదు రోజుల్లో ముగిసింది. పెద్ద సారు ఎటు వెళ్ళాడో వెళ్ళాడు. ఎర్రనూనె మళ్ళీ వచ్చింది. జకర్యా ఆముదం వంపేసి కొత్త నూనె పోశాడు. గొట్టాలు మాత్రం కడగలేదు. కడగాలంటే రెండు రోజుల పని, ఆయనకు బద్ధకమేసింది. అదీ సంగతి.

కొత్తగా బెజవాడ నుంచి వచ్చిన ఇంజనీరు మధుసూదన్ గారు విమానాన్ని జాకీల మీద ఎత్తించి చక్రాలు ఆడించి చూశారు. మీటరు ముల్లేమో ఒత్తిడి నిండుగా ఉందంటోంది. చక్రాలేమో విందుకొచ్చిన అల్లుడిలా కదలనంటున్నాయి. ఆయన పంపు మార్చారు. అదే తంతు. ఇంకో పంపు మార్చారు. అబ్బే! నూనె కారుతుంటే ఒత్తిడి పడిపోవాలి. ఒత్తిడి నిలబడి చక్రం కదలలేదంటే దారిలో ఏదో అడ్డుపడినట్టు. జకర్యాకు ఆ సంగతి మొదటి పంపు విప్పకముందే తెలుసు. అడ్డుపడింది కడగని గొట్టాల్లో మిగిలి ముద్దకట్టిన ఆముదమేనని కూడా తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు, నోరు మూసుకుని స్పానర్లు అందించాడు.

మూడో రోజు వాల్వు విప్పితే జిగటజిగటగా ఒక ముద్ద బయటపడింది.

"నూనెలో ఎవడో ఏదో కలిపాడు. ఇది కుట్రండీ," అన్నారు మధుసూదన్.

నూనె ఎవరి తాళం కింద ఉంటుంది? ఖుద్దూస్ తాళం కింద. ఆ రోజుల్లో ఖుద్దూస్ అని పేరుంటే చాలు, వేరే సాక్ష్యం ఎందుకు? మధ్యాహ్నానికల్లా పోలీసులు తీసుకుపోయారు.

జకర్యా లెక్కలేసుకున్నాడు. చెబితే కొలువు పోతుంది, జైలు కూడా తప్పకపోవచ్చు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఖుద్దూస్ తన పేరు ఎప్పుడు బయటపెడతాడా అని గేటువైపు చూస్తూ నాలుగు రోజులు పని చేశాడు. ఆయన కోసం ఎవరూ రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, "ప్రభువా, ఖుద్దూస్ భాయిని విడిపించు" అని గట్టిగానే వేడుకున్నాడు. భార్య దేవకృపకు ఆముదం సంగతంతా తెలుసు. ఆమె కళ్ళు తెరిచింది.

"గది దేవునికి ఎరుకే. ఆయనకెందుకు చెప్తున్నవ్? పొద్దుగాల బోయి బేగంపేటల చెప్పు."

ఆమేన్ ఎవరూ అనలేదు.

పొద్దున వెళ్ళి చెప్పాడు. "నేనే సార్. ఆముదం పోసిన. గొట్టాలు కడగలే."

మధుసూదన్ ఆ ముద్దను వేళ్ళతో నలిపి వాసన చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"గొట్టాలన్నీ కడగండి. చక్రాలు ఆడాక వెళ్ళిపోండి. మళ్ళీ రావద్దు."

జకర్యా రెండు రోజులు కడిగాడు. చక్రాలు బుద్ధిగా మడుచుకున్నాయి. అంతలో ఖుద్దూస్‌ను వదిలేశారు. జకర్యా చిలకలగూడలో అతని ఇంటికి వెళ్ళాడు. ఖుద్దూస్ పెదవి చిట్లి ఉంది. కూర్చోమనలేదు. జకర్యాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా పేరెందుకు చెప్పలే, భాయ్?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? నీ నోటి నుంచే రావాలె గద," అన్నాడు ఖుద్దూస్. "తీస్కపోతుంటే ఇంటికి కబురు సుత పంపిన. 'రాత్రికి అన్నం ఉంచుండ్రి, వస్త, ఆడ జకర్యా ఉన్నడు గద' అని."