ఇక్బాల్ బీ స్టేజీ

చౌటుప్పల్ దాటాక గుట్ట మీద వేసిన కొత్త కాలనీలో మొదట ఇల్లు కట్టుకున్నది ఇక్బాల్ బీ. అప్పటికి 1993. తారు రోడ్లు, వీధి దీపాలు, పార్కుకు వదిలిన జాగా అన్నీ ఉన్నాయి, మనుషులే లేరు. భర్త మెహమూద్ మందుల కంపెనీకి పోతే పలకరించే దిక్కుండేది కాదు. ఊళ్లో ఒక దర్జీ దుకాణంలో కుట్టుపని కుదుర్చుకుంది.

కానీ గుట్ట కింద బస్సులు ఆగేవి కావు. ఒక పొద్దున ఆమె రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"ఈడ స్టేజీ లేదమ్మా, జరుగు" అని కండక్టర్ కసిరాడు.

"నేనున్న గద తమ్మీ! మనిషున్న కాడ బస్సు ఆగొద్దా?"

బస్సంతా నవ్వింది. కండక్టర్ ఎక్కించుకున్నాడు. తర్వాత అదే అలవాటైంది.

కొన్నేళ్లకు గుట్ట నిండా ఇళ్లు లేచాయి. కండక్టర్లు మాత్రం "ఇక్బాల్ బీ స్టేజీ!" అనే కేకేసేవారు. కాలనీ పెద్దలు నొచ్చుకుని, కాలనీ అసలు పేరు కండక్టర్లకు చెప్పమని ఆమెనే పురమాయించారు. ఆమె చెప్పింది.

"హిల్ వ్యూ ఎన్‌క్లేవా? గది నోరు తిరుగుత లేదమ్మా" అన్నాడు కండక్టర్.

ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. లోపల సంతోషంగానే ఉంది. ఆ మాట మెహమూద్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.