ఉమారాణి మొహమాటం

ఉమారాణికి నలభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లు వనపర్తి పల్లెల్లో సూదులు వేసి, కాన్పులు చూసి, చివరికి మనుషుల నొప్పి ఎంతుందో అడిగి రాసుకునే ఉద్యోగంలో కుదురుకుంది. నయంకాని జబ్బుతో ఉన్నవాళ్లకు ఇంటిదగ్గరే నొప్పి తగ్గించే మందులిస్తే చివరి రోజులు ఎంత తేలిగ్గా గడుస్తాయో ఒక పెద్ద దవాఖాన వాళ్లు పరిశోధన చేస్తున్నారు. ఉమారాణి వారానికోసారి స్కూటీ మీద వెళ్లి, "సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే ఓర్వలేనంత. ఇయ్యాల ఎంత?" అని అడగాలి. ఆ అంకెను బట్టే డాక్టరమ్మ మందు పెంచేది.

పెబ్బేరు సంతలో ముప్పై ఏళ్లు ఎద్దుల బేరాలు కుదిర్చిన కృష్ణయ్య, "నువ్వే ఒక మాట చెప్పు బిడ్డా" అన్నాడు.

"నేను చెప్పొద్దు తాతా. నువ్వే చెప్పాలె."

"అయితే ఎనిమిది. ఎక్కువనిపిస్తే ఆరున్నర చేస్కో, పో."

ఉమారాణికి నవ్వాగలేదు. రోగి ముందు నవ్వడమేమిటని సిగ్గుపడి, నవ్వును దగ్గులోకి మళ్లించింది. కృష్ణయ్య పాపం, నిజంగానే దగ్గనుకుని తన మందుల్లోంచి ఒక గోలీ తీసి ఆమెకిచ్చాడు. వద్దనలేక కొంగున కట్టుకుంది.

వద్దనలేకపోవడమే ఆమె జబ్బు. ఏడిళ్లు తిరిగితే ఏడు చాయలూ తాగేది. తర్వాత పడే అవస్థ స్కూటీకీ, దారిలోని తుమ్మచెట్లకూ తెలుసు.

గద్వాలలో బాలకిష్టయ్యది ఒంటి గది ఇల్లు. సగం మగ్గం, మిగతా సగంలో ఆయన మంచం, పొయ్యి. కడుపులో గడ్డ ముదిరి ఆయన మంచాన పడ్డాక, సగంలో ఉన్న చీరను భార్య అలివేలు నేస్తోంది. మొదటి రోజే వరసలు కలిశాయి. ఆయన అన్న, ఆమె వదినె.

రోగిని ఒంటరిగా అడగాలని శిక్షణలో మూడు రోజులు చెప్పారు. సొంత ఇంట్లో మగ్గం మీద కూర్చున్న ఇల్లాలిని లేచి బయటికి పొమ్మని ఎలా అనడం? బయట చూస్తే ఎండ. తలుపేసుకుని ఏం మాట్లాడుకున్నారని వాడకట్టంతా అడుగుతుంది. ఉమారాణి అనలేక, ఆమె ముందే అడిగింది.

"రెండు" అన్నాడు బాలకిష్టయ్య.

"రెండేనంట!" అలివేలు ముఖం విప్పారింది. మగ్గం మళ్లీ ఆడింది.

ఆయన పిడికిట్లో దుప్పటి నలుగుతుండటం ఉమారాణి చూసింది. చూసి కూడా రెండు రాసింది. కాగితం అడుగున 'ఒంటరిగా అడిగారా?' అన్న చోట 'అవును' అని పెట్టింది. ఇలా ఐదు వారాలు.

ఆరో వారం వెళ్లేసరికి అలివేలు పట్టు తేవడానికి సేటు ఇంటికి వెళ్లింది.

"చెల్లె, ఆ తలుపు జర దగ్గరికెయ్యి" అన్నాడాయన. వేసింది. "తొమ్మిది."

ఉమారాణి చేతిలో కలం ఆగింది. "ఎప్పటి సంది అన్నా?"

"నువ్వు మొదలొచ్చినప్పటి సంది."

"మరి రెండంటివి గదన్నా!"

"మీ వదినె ముందల ఎట్ల చెప్త? నేను రెండంటెనే ఆమె ఇంత బువ్వ తింటది. తొమ్మిదంటే మగ్గం దిగి నా కాళ్లకాడ కూసుంటది."

ఉమారాణి గల్లీలోకి వచ్చి డాక్టరు యమునకు ఫోన్ చేసింది.

"ఇన్ని వారాలు ఒంటరిగానే అడిగారా?"

"లేదు మేడమ్. అబద్ధం రాసిన."

సాయంత్రానికి మందు మారింది. మూడో రోజుకు బాలకిష్టయ్య గోడకానుకుని కూర్చున్నాడు. పదకొండో రోజు తెల్లవారకముందే నిద్రలో పోయాడు.

నెల తర్వాత ఇంటివాళ్లను కొన్ని ప్రశ్నలు అడగాలి. ఉమారాణి వెళ్లేసరికి అలివేలు మగ్గం మీద లేదు, గోడ దగ్గర కూర్చుని ఉంది. మంచం తీసేశారు. ఆ జాగాలో చాప పరిచి కూర్చోమంది.

"ఆ పదిరోజులు మస్తు మాట్లాడిండు చెల్లె. మా పెండ్లినాడు వాళ్ల మేనమామ అలిగిన సంగతి, నా మొదటి చీరల పోగులు తప్పితే ఆయన రాత్రి లేచి సరిచేసిన సంగతి... నాకెన్నడు చెప్పనేలే అవి. నొప్పి తగ్గినంక తెలిసె, గింత ముచ్చట ఉండెనా ఆయన కడుపుల అని."

ఉమారాణి కాగితాలు ఒళ్లోనే ఉన్నాయి.

"ఆ మందు మొదలే ఇస్తే ఇంకో నెల మాట్లాడుతుండె గదా?" కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగింది అలివేలు.

"మాట్లాడుతుండె వదినె. నీ ముందల ఆయన చెప్పలేకపోయిండు. నిన్ను జర బయటికి పొమ్మని నేను అనలేకపోయిన."

"పొమ్మంటే పోతుంటి గదా చెల్లె" అంది అలివేలు.